ఢీకొన్న గెలాక్సీల రంగు

మా సైన్సు సారు పేరిట జరిగే ఈ స్మారకోపన్యాసానికి ఆత్మకూరు నన్ను పిలవడం నాకు పెద్ద గౌరవం. సారు మంచితనం నాకన్నా మీకే బాగా తెలుసు. నేను ఒక్క రాత్రి సంగతి చెప్తాను. ఎండాకాలం, మా మిద్దె మీద. మిఠాయి డబ్బాకు చుట్టిన ఎర్ర కాగితం నా కంటికి అడ్డం పెట్టి ముందు చిత్త నక్షత్రాన్ని, తర్వాత జ్యేష్ఠను చూడమన్నారు. వట్టి కంటికి రెండూ ఇంచుమించు ఒకే వెలుగు. కాగితంలోంచి చూస్తే చిత్త మసకబారింది, జ్యేష్ఠ అట్లనే నిలిచింది. "రంగంటే తీసివేత లెక్కరా" అన్నారు.

గెలాక్సీకీ అదే లెక్క. నీలి ఫిల్టరు కొలత నుంచి పసుపు ఫిల్టరు కొలత తీసివేస్తే వచ్చేదే రంగు. నీలం లేత నక్షత్రాలది, ఎరుపు ముదురు నక్షత్రాలది. గెలాక్సీలు ఢీకొన్నా నక్షత్రాలు తగులుకోవు, తగిలేది వాయువే. ఇవి తెలిసినవే, దాటేస్తున్నాను.

నా తగాదా "ఢీకొంటే వాయువు నలిగి కొత్త నక్షత్రాలు పుడతాయి, కాబట్టి నీలం" అనే మాటతో. 1966 నాటి ఆర్ప్ అట్లాసులోని వింత గెలాక్సీల రంగులను లార్సన్, టిన్‌స్లీ 1978లో మామూలు గెలాక్సీలతో పోల్చారు. వాళ్లు చూపింది వింతవాటి రంగుల చెదురు, అంటే ఆ రంగులు ఎక్కువ చెల్లాచెదురుగా ఉండడం. రెండు కోట్ల ఏళ్లంత కొద్దికాలపు నక్షత్రజనన విజృంభణలతో దాన్ని వివరించారు. తర్వాతివాళ్లు చెదురును వదిలేసి నీలాన్నే పట్టుకున్నారు. 2003లో బెర్గ్‌వాల్, లౌరికైనెన్, ఆల్టో 59 ఢీకొంటున్న గెలాక్సీ వ్యవస్థలనూ 38 ఒంటరి గెలాక్సీలనూ పక్కపక్కన పెట్టారు. మొత్తం రంగులో చెప్పుకోదగ్గ నక్షత్రజనన ఉద్ధృతి కనబడలేదు. నడిమధ్యన మాత్రం రెండు మూడు రెట్లు పెరిగింది.

నమూనా చిన్నదంటారా? సరే, ఒక్క జంటనే చూద్దాం. యాంటెన్నీ గెలాక్సీలలో నీలి గుంపులు ఫోటోలో మెరిసిపోతుంటాయి. రెండూ ఒకదానిపై ఒకటి పడే చోటు నల్లగా, దుమ్ముతో మూసుకుపోయి ఉంటుంది. 1998లో మిరబెల్ బృందం పరారుణంలో చూస్తే అన్నిటికన్నా ఉద్ధృతమైన పుట్టుక ఆ నల్లటి చోటే జరుగుతోంది. నీలాన్నే నమ్ముకున్నవాడు అసలు పురిటిగదినే దాటిపోయినట్టు.

ఇంకో లోపం, వేగాన్ని పట్టించుకోకపోవడం. మన ఉస్మానియాలో పనిచేసిన సాలెహ్ మహమ్మద్ అల్లాదీన్ ఢీకొనే గెలాక్సీల గతిశాస్త్రంపై 1965లోనే వ్యాసం వేశారు. దాటిపోయే వేగాన్ని బట్టి దెబ్బ మారుతుంది: నెమ్మదిగా వస్తే గట్టిగా తగులుతుంది, విసురుగా పోతే పైపైన పోతుంది. ఈ రెండు రకాలనూ ఒకే పట్టికలో కలిపి రంగు సగటు తీసే వ్యాసాలు ఇప్పటికీ వస్తున్నాయి. నాకు కష్టంగా ఉంటుంది. ఆ సగటు దేని సగటు?

అందుకే ప్రస్తుతం స్లోన్ ఆకాశ సర్వే ఉచితంగా ఇచ్చిన అయిదు ఫిల్టర్ల చిత్రాలను తీసుకుని, ఈ ఊరి నలుగురు డిగ్రీ విద్యార్థులతో ఒక్కో జంటనూ నడిమిభాగం, చేతులు, తోక అని విడగొట్టి కొలుస్తున్నాం. వర్ణపటం దొరికినచోట హైడ్రోజన్ ఎర్రగీతకూ నీలిగీతకూ నిష్పత్తి చూస్తాం. దుమ్ము లేకపోతే అది దాదాపు 2.86 ఉండాలి. ఎంత పెరిగితే అంత దుమ్ము. ఆ దుమ్మును లెక్కలోంచి తీసేశాకే పిల్లలు రంగు రాస్తున్నారు. నిన్న సాయంత్రానికి పదకొండు జంటలు అయినాయి. మూడింటిలో నడిమిభాగం, మేం ముందు అనుకున్నదానికన్నా నీలంగా తేలింది. వాటిని మళ్లీ మొదటినుంచి కొలుస్తున్నాం.