పదకొండు మెట్లు

విశ్వవిద్యాలయ భవనమనగానే మన కన్నులకు కట్టునది ఎత్తయిన అరుగు, దానిమీద స్తంభములు, ముందు విశాలమైన మెట్ల వరుస. పట్టము పుచ్చుకొన్న విద్యార్థులు ఛాయాచిత్రమునకు నిలుచునది ఆ మెట్లమీదనే. విద్య యనునది శ్రమపడి ఎక్కి అందుకొనవలసిన వస్తువని కట్టించినవారి భావము కాబోలు. ఆ భావము గొప్పదే. కాని ఎక్కలేనివారు లోనికి ఎట్లు పోవలెను?

మాకీ ప్రశ్న పుస్తకములు చదువగా కలిగినది కాదు. కొంతకాలము క్రిందట మా వీధిలోని విశ్రాంతోపాధ్యాయు లొకరిని చక్రాల కుర్చీలో ఒక విశ్వవిద్యాలయమునకు తోడ్కొని పోయితిమి. ఆనాడు వారి మనుమరాలికి పట్టప్రదానము. ముప్పది యేండ్లు పరుల పిల్లలచే అక్షరములు దిద్దించిన ఆయన, తమ యింట తొలి ఎం.ఏ. పట్టమును చూచుటకై తెల్లవారక మునుపే తలస్నానము చేసి, ఇస్త్రీపంచె కట్టి, వాకిట సిద్ధముగా కూర్చుండిరి. తీరా సభాభవనము ముందు ఆటో దిగి చూతుము గదా, పదకొండు మెట్లు! ర్యాంపు వెనుకవైపున ఉన్నదని ఎవరో చెప్పగా చుట్టు తిరిగి పోయితిమి. ర్యాంపు ఉన్నమాట నిజమే. దాని మొదట మూడు మోటారుసైకిళ్లు నిలిపియుండెను. కొనను తలుపునకు తాళము వేసియుండెను. తాళపుచెవి గల వాచ్‌మన్ భోజనమునకు పోయియుండెను.

మరల ముందువైపునకు వచ్చితిమి. నలుగురు విద్యార్థులు మమ్ము చూచి దిగివచ్చి, కుర్చీతో సహా ఎత్తుకొని పోదుమనిరి. వారి మనసు మంచిది. మేమును సరే యనబోతిమి. మేష్టారు చేయెత్తి వారించిరి.

"వద్దు నాయనా. ఇంతమంది చూస్తుండగా నన్ను మూటలాగా మోసుకుపోతే అమ్మాయి పట్టా చూసుకుంటుందా, నన్ను చూసుకుంటుందా? ఈ చెట్టుకింద కూర్చుంటాలెండి. పేరు వినపడుతుందిగా."

వేపచెట్టు నీడను ఆయన కూర్చుండిరి. రెండు గంటల పిమ్మట లౌడుస్పీకరులో మనుమరాలి పేరు వినబడెను. ఆయన చప్పట్లు కొట్టిరి. మాకు మాత్రము చేతులాడలేదు.

ఆ ర్యాంపును గూర్చి ఒక మాట చెప్పవలెను. ర్యాంపు వాలు మేస్త్రీ ఊహకు విడిచిన విషయము కాదు. ఒకవంతు ఎత్తునకు పండ్రెండు వంతుల పొడవు ఉండవలెనన్న లెక్కను మన దేశపు ప్రమాణములును, అన్యదేశముల ప్రమాణములును అంగీకరించినవి. మెట్టు ఒకటికి 15 సెంటీమీటర్లు వేసికొన్నచో పదకొండు మెట్లకు 165 సెంటీమీటర్లు. దానికి పండ్రెండు రెట్లనగా ఇంచుమించు 20 మీటర్ల దారి. నడుమ ఆగి ఊపిరి తీసికొనుటకు చదునైన తావులు అదనము. మేము చూచిన దానిని అడుగులతో కొలిచితిమి. ఆరు మీటర్లకు మించలేదు. అది బీరువాలు, బల్లలు ఎక్కించుటకు పనికివచ్చును. మనిషి తన చేతులతో చక్రములు త్రిప్పుకొని దానిని ఎక్కజాలడు, దిగినచో ఆగజాలడు.

ఇట్టి కొలతలు నిలుచుటలో ఒక విశ్వవిద్యాలయమునకే పాత్ర యున్నది. రెండవ ప్రపంచ యుద్ధానంతరము, గాయపడి నడువలేని సైనికులు చదువులకు రాజొచ్చిన కాలమున, అమెరికాలోని ఇల్లినాయి విశ్వవిద్యాలయము 1948లో తన గేల్స్‌బర్గ్ శాఖలో అట్టివారి కొరకొక కార్యక్రమము ప్రారంభించెను. దానిని నడిపినవారు తిమోతి న్యూజెంట్. మరుసటి యేడు ఆ శాఖయే మూతపడెను. చక్రాల కుర్చీలలోని విద్యార్థులు ఊరకుండక నిరసన తెలిపిరి. తుదకు ప్రధాన ప్రాంగణములో, ప్రయోగమన్న పేరుతో, వారికి చోటు దొరికెను. క్రమముగా భవనములకు ర్యాంపులు వచ్చినవి. కుర్చీని పైకెత్తు లిఫ్టులుగల బస్సులు తిరిగినవి. న్యూజెంట్ ఆధ్వర్యమున అచట జరిగిన పరిశోధనయే 1961లో ఆ దేశమున వెలువడిన తొలి జాతీయ ప్రమాణమునకు ఆధారమైనది.

అయినను విద్యార్థికిని, ఒక్కనాటి అతిథికిని భేదమున్నది. విద్యార్థి నెల తిరుగునప్పటికి ఏ తలుపు తెరచియుండునో, ఏ లిఫ్టు చెడినదో, ఎవరిని పిలువవలెనో తెలిసికొనును. అతిథి తెలిసికొనునప్పటికి సభ ముగియును. కనుకనే అతిథికి దారి ఆరంభమునుండి అంతమువరకు తెగకుండవలెను. తలుపు 90 సెంటీమీటర్ల వెడల్పున్నను దాని ముందర ఎత్తయిన గడప యున్నచో కుర్చీ బయటనే నిలుచును. లిఫ్టు మీటలపై బ్రెయిలీ అక్షరములున్నను, ఏ అంతస్తు వచ్చినదో పలుకనిచో చూపులేనివారు ఎచట దిగుదురు? ఇక మరుగుదొడ్డి. సభలకు పిలుచువారు దీనిని తలపెట్టనే తలపెట్టరు. కుర్చీ తిరుగుటకు 150 సెంటీమీటర్ల ఖాళీ లేనందున, ప్రయాణమునాడు ఉదయమునుండి మంచినీరైనను ముట్టని వారిని మేమెరుగుదుము. మేష్టారును ఆనాడు కాఫీ పుచ్చుకొనలేదు. కారణము మాకు తరువాత తెలిసినది.

ఎప్పుడో వచ్చు ఒకరి కొరకు ఇంత వ్యయమా అని అడుగువారు గలరు. రాలేనట్లు కట్టి, రావడములేదని లెక్క చెప్పుట మాకు న్యాయముగా తోచదు. ఆనాడు మెట్లప్రక్కన చేయిపట్టుకొనుటకు కడ్డీ లేక, మోకాళ్లు పట్టుకొని ఎక్కిన తల్లులను, తాతలను మేము పదులకొలది చూచితిమి.

చట్టము లేకపోలేదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము ప్రకారము, అప్పటికే ఉన్న ప్రజాభవనములను నిబంధనలు వెలువడిన అయిదేండ్లలోగా అందరికిని అనువుగా మార్చవలెను. నిబంధనలు 2017 జూన్‌లో వెలువడినవి. గడువు 2022లో గడచిపోయినది. ఆ నిబంధనలలో ఒకటి కొలతలను కేవలము సలహాలుగా విడిచినదనియు, అది చట్టమునకు విరుద్ధమనియు సుప్రీంకోర్టు 2024 నవంబరు 8న తీర్పు చెప్పి, తప్పనిసరి ప్రమాణములను ఏర్పరచుమని కేంద్రప్రభుత్వమును ఆదేశించెను. ఆ వ్యాజ్యములో న్యాయస్థానము కోరగా దేశపు స్థితిగతులపై నివేదిక సమర్పించినది మన హైదరాబాదులోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయపు అధ్యయన కేంద్రమే.

తీర్పులు తలుపులవరకు చేరుటకు కాలము పట్టును. మోటారుసైకిళ్లు తీయించుటకు అంత కాలమక్కరలేదు. ఆహ్వానపత్రికలో మెట్లు లేని ద్వారమేదో ఒక్క పంక్తి అచ్చువేయించి, తాళపుచెవి ఎవరివద్ద నుండునో వారి ఫోను సంఖ్య చేర్చినచో కాగితము ఖర్చు పెరుగదు.

మేష్టారి రెండవ మనుమరాలు వేరొక కళాశాలలో చదువుచున్నది. వచ్చు వేసవికి ఆమెకును పట్టము. "ముందుగా ఒకసారి వెళ్లి మెట్లు లెక్కపెట్టి రండి" అని ఆయన మమ్ము కోరిరి. మొన్న పోయి చూచి వచ్చితిమి. నాలుగే మెట్లు. ప్రక్కనే మంచి వాలుగల ర్యాంపు. తలుపు తెరచియే యున్నది. మరుగుదొడ్డి మాత్రము మేడమీద నున్నది.