పిల్లకు జ్వరమా? దాచకండి, ముందు స్కూల్‌కి చెప్పండి



ఆదివారం మీటింగ్‌కి నైట్ షిఫ్టుల వల్ల, కిచెన్ డ్యూటీల వల్ల చాలామంది రాలేకపోయారు. అక్కడ మాట్లాడింది రాసి గ్రూపులో పెట్టమన్నారు, అందుకే పంపుతున్నాను. తీరిక దొరికినప్పుడు చదవండి, పక్కవాళ్లకూ చెప్పండి.

చలికాలం వచ్చింది. పిల్లలకి దగ్గులు, జ్వరాలు మొదలయ్యాయి. కోవిడ్ పేరు ఇప్పుడు తక్కువ వినిపిస్తోంది గానీ అది పోలేదు. పొద్దున్నే పిల్ల ఒళ్లు కాలుతుంటే మనలో చాలామంది ఏం చేస్తాం? ఒక చెంచా కాల్‌పాల్ పోసి, కోటు తొడిగి, స్కూల్ గేటు దగ్గర దించేసి డ్యూటీకి పరిగెత్తుతాం. నేనూ అదే చేశాను. ముందు ఆ సంగతి చెప్తాను.

2021 డిసెంబరు. నేను ఒక నర్సింగ్ హోమ్‌లో నైట్ చేసి వచ్చాను. మా వాడు ఫస్ట్ క్లాస్. ఒళ్లు కాస్త వెచ్చగా ఉంది, దగ్గుతున్నాడు. "చలికి వచ్చిందిలే" అనుకుని మందు పోసి పంపాను. ఇంటికొచ్చి ఫోన్ సైలెంట్‌లో పెట్టి పడుకున్నాను. లేచేసరికి స్కూల్ నుంచి ఆరు మిస్డ్ కాల్స్. వెళ్లి చూస్తే మా వాడు వేరే గదిలో, కిటికీ తెరిచిపెట్టి, కోటు వేసుకుని కూర్చున్నాడు. మాస్కు పెట్టుకున్న ఒక మేడమ్ కాస్త దూరంలో కూర్చుని బొమ్మల పుస్తకం చదివి వినిపిస్తోంది. రెండు గంటల నుంచీ అలాగే. మర్నాడు పీసీఆర్ చేయిస్తే పాజిటివ్.

ఫోన్ చేసి చెప్పడానికి చేతులు వణికాయి. తిడతారేమో, మన పర్మిట్ గురించి అడుగుతారేమో అని భయం. ప్రిన్సిపాల్ అడిగింది రెండే: "బాబు ఎలా ఉన్నాడు? లక్షణాలు ఎప్పుడు మొదలయ్యాయి?" అంతే. సాయంత్రానికి మా వాడి టేబుల్ దగ్గర కూర్చునే పిల్లల ఇళ్లకి మెసేజ్ వెళ్లింది. అందులో మా వాడి పేరు లేదు.

తర్వాత తెలిసింది. ఆ పిల్లల్లో ఒకమ్మాయి వాళ్ల నాయనమ్మకి క్యాన్సర్ మందులు నడుస్తున్నాయి. మెసేజ్ చూడగానే ఆ పాపను ఆవిడ గదిలోకి వెళ్లనివ్వలేదట. ఆవిడకి ఏమీ కాలేదు. కానీ నేను భయపడి చెప్పకుండా ఉంటే? ఆ మాట ఇప్పటికీ నా మనసులో ఉంది.

ఆ రోజుల్లో స్కూళ్లు ఎలా నడిచాయో కొత్తగా వచ్చినవాళ్లకి తెలీదు. 2020 మార్చి 12న అప్పటి ప్రధాని లియో వరద్కర్ ప్రకటన చేస్తే ఆ సాయంత్రం నుంచే స్కూళ్లు మూతపడ్డాయి. మళ్లీ తెరిచింది ఆగస్టు చివర్లో. 2021 క్రిస్మస్ సెలవుల ముందు కాదు, 2020 క్రిస్మస్ తర్వాత మళ్లీ మూశారు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ 12 వరకు విడతలు విడతలుగా తెరిచారు.

తెరిచాక పెట్టిన పద్ధతి ఇది. చిన్న క్లాసుల్లో నలుగురైదుగురు పిల్లలు ఒక టేబుల్. దాన్ని 'పాడ్' అన్నారు. క్లాసు మొత్తం 'బబుల్'. కేసు వస్తే ఎవరు ఇంట్లో ఉండాలో తేల్చింది హెచ్‌ఎస్‌ఈ డాక్టర్లు, ప్రిన్సిపాల్ కాదు. 2021 సెప్టెంబరు 27 నుంచి లక్షణాలు లేని ప్రైమరీ పిల్లల్ని కాంటాక్ట్ అని ఇంట్లో కూర్చోబెట్టడం ఆపారు. కేసులు పెరిగాక నవంబరు 29 నుంచి పాడ్‌లో పిల్లలకి ఉచితంగా యాంటిజెన్ కిట్లు ఇచ్చారు. డిసెంబరులో థర్డ్ క్లాస్ నుంచి మాస్కు వచ్చింది, 2022 ఫిబ్రవరి చివర్లో పోయింది. గాలి ఆడుతోందా లేదా చూడటానికి గదుల్లో కార్బన్ డయాక్సైడ్ మీటర్లు పెట్టారు. టీచర్లూ జబ్బుపడ్డారు. చాలినంతమంది లేక టీచర్ ట్రైనింగ్‌లో ఉన్నవాళ్లని పిలిపించి క్లాసులు నడిపారు.

ఇంత ఏర్పాటూ ఒక్కదాని మీదే ఆధారపడింది: తల్లిదండ్రులు నిజం చెప్పడం. మనం చెప్పకపోతే ఏ మీటరూ, ఏ డాక్టరూ ఏమీ చేయలేరు.

ఇప్పుడు పాడ్‌లు లేవు, కాంటాక్ట్ ట్రేసింగ్ లేదు. కాబట్టి మన మీదే ఎక్కువ భారం. జ్వరం, దగ్గు లాంటి లక్షణాలుంటే పిల్లని ఇంట్లో ఉంచండి. అవి పూర్తిగా గానీ చాలావరకు గానీ తగ్గాక ఇంకో 48 గంటలు ఆగి పంపండి. పొద్దున్నే స్కూల్ ఆఫీసుకి ఫోన్ చేయండి, లేదా స్కూల్ యాప్‌లో రాయండి. ఇంగ్లీషు రాదని ఆగొద్దు. ఇంత చాలు: "మై సన్ హాజ్ ఫీవర్. హీ ఈజ్ నాట్ కమింగ్ టుడే." అమ్మాయైతే "మై డాటర్, షీ."

"బడి మానితే కేసు పెడతారట" అని కొందరి భయం. 20 రోజులు, అంతకు మించి మానితే స్కూల్ టుస్లాకి తెలపాలి, నిజమే. కానీ జబ్బు వల్ల అని కారణం చెప్పి ఉంటే భయపడాల్సింది లేదు. చెప్పకుండా మానడమే ఇబ్బంది.

ఇక జీతం సంగతి. అసలు భయం అదే కదా.

పిల్లకి ఉన్నట్టుండి జబ్బుచేసి మీరు పక్కన ఉండక తప్పకపోతే 'ఫోర్స్ మజూర్ లీవ్' ఉంది. 12 నెలల్లో 3 రోజులు, 36 నెలల్లో 5 రోజులు. జీతం కట్ చేయకూడదు. ముందే చెప్పే వీల్లేకపోయినా వీలైనంత త్వరగా మేనేజర్‌కి రాసి ఇవ్వండి.

ఇది కాక పిల్లల వైద్యం కోసం ఏడాదికి 5 రోజుల 'మెడికల్ కేర్ లీవ్' ఉంది. దీనికి జీతం రాదు, కానీ ఉద్యోగం పోదు.

జబ్బు మీకే వస్తే, ఒకే చోట 13 వారాలు పనిచేసి డాక్టర్ సర్టిఫికెట్ తెస్తే ఏడాదికి 5 రోజుల సిక్ పే ఉంది. రోజు జీతంలో 70 శాతం, రోజుకి 110 యూరోలు మించకుండా.

ఇవి చట్టం ఇచ్చిన హక్కులు. పర్మిట్ మీద ఉన్నవాళ్లకీ వర్తిస్తాయి. ఇవ్వమంటే వర్క్‌ప్లేస్ రిలేషన్స్ కమిషన్‌కి ఫిర్యాదు చేయొచ్చు, ఫీజు లేదు. ఆరు నెలల్లోపు చేయాలి. ఫారం నింపడం రాకపోతే గ్రూపులో అడగండి, కూర్చుని నింపిపెడతాం.

చివరగా ఒక్క మాట. ఒక్కరే ఉండి పిల్లల్ని చూసుకునే అక్కచెల్లెళ్లు, ఇద్దరికీ షిఫ్టులున్న జంటలు మన ఏరియాలో చాలామంది ఉన్నారు. షిఫ్టు మార్చుకునేవాళ్లు ఎవరు, అవసరమైతే మందులు తెచ్చిపెట్టేవాళ్లు ఎవరు అని జ్వరం రాకముందే మాట్లాడి పెట్టుకోండి. ఆ పొద్దున నాకు అలా అడగడానికి ఒక్కరు ఉండి ఉంటే మా వాడిని ఇంట్లోనే ఉంచేదాన్ని. మీకు మేమున్నాం. మొహమాటపడకుండా అడగండి.

అందరూ జాగ్రత్త. ఉంటాను.