రంది ముందా, దెబ్బ ముందా?

ఎవరి పేరిట ఇక్కడ కూడామో ఆ టీచరమ్మ సేవల గురించి ముందు మాట్లాడినవాళ్లు వివరంగా చెప్పారు. నాకు బాగా గుర్తున్నది ఒక్కటే. క్లాసులో పిల్ల ఏడుస్తుంటే ఎందుకని అడిగేవారు కాదు. డస్టర్ చేతికిచ్చి బోర్డు తుడవమనేవారు. మాకు వీపు తిప్పి, తుడిచిన చోటే మళ్లీ తుడుస్తూ ఆ పిల్ల తేరుకునేది. నేనూ తుడిచాను.

ఆడపిల్ల ఏడుపు అనగానే అందరూ వెంటపడేవాళ్ల మాటే ఎత్తుతారు. వాళ్ల మీద చట్టాలు వచ్చాయి, పోలీసు బృందాలు వచ్చాయి. 2012 పోక్సో, 2013 నేరచట్ట సవరణ, 2014 నుంచి షీ టీమ్స్. మీకు తెలిసినవే, వాటి దగ్గర ఆగను. నా పేచీ వేరే ఉంది, చాలా ఏళ్లది.

పదహారేళ్ల పిల్ల చెయ్యి కమిలి కనబడితే మనవాళ్లు ‘ప్రేమలో పడి మనసు పాడుచేసుకుంది’ అంటారు. ముందు ప్రేమ, తర్వాత దెబ్బ, చివర దిగులు, మన మాటలో రంది. చాలామంది పిల్లల విషయంలో ఈ వరుస తప్పని నేనంటాను. 2006లో అమెరికాలో జోసెలిన్ లెహ్రర్ బృందం దేశవ్యాప్త సర్వేలోని అమ్మాయిల వివరాలు తీసి చూసింది. మొదట్లో కుంగుబాటు లక్షణాలు ఎక్కువగా ఉన్నవాళ్లే తర్వాతి ఏళ్లలో తోడుగా ఉన్నవాడి చేతిలో ఎక్కువగా దెబ్బలు తిన్నారు. దీనికి మిత్రులు 2013 నాటి ఎక్స్‌నర్-కోర్టెన్స్ పరిశోధనను ఎదురుపెడతారు. హింస పడిన అమ్మాయిల్లో అయిదేళ్ల తర్వాత కుంగుబాటు ఎక్కువని అది తేల్చింది. ఒప్పుకుంటాను. కాని దానివల్ల మొదటి మాట కొట్టుకుపోదు. దెబ్బ రందిని పెంచుతుంది, పెరిగిన రంది ఇంకో దెబ్బకు దారి తీస్తుంది.

‘అయితే తప్పు పిల్లదేనా?’ అని ఒక పెద్దమనిషి నన్ను నిలదీశారు. గొళ్లెం ఊడిన ఇంట్లో దూరితే దొంగ దొర అవుతాడా? కొట్టినవాడిదే తప్పు. రంది చేసేది ఇది: రంది పట్టిన పిల్లకు, పూటకు పదిసార్లు ఫోన్ చేసి ‘యాడున్నవ్, ఎవరితోనున్నవ్’ అనేవాడు తనను పట్టించుకున్న ఒకే ఒక్క మనిషిగా కనిపిస్తాడు. పాస్‌వర్డ్ అడిగితే ఇస్తుంది. చెంప పగలగొడితే తానేం తప్పు చేశానా అని వెతుక్కుంటుంది.

ఇంట్లో చెప్పొచ్చు కదా అంటారు. 2018 సెప్టెంబరు 14న మన మిర్యాలగూడలో, కులం దాటి పెళ్లి చేసుకున్న ప్రణయ్‌ను ఆసుపత్రి ముందు, గర్భవతి అయిన భార్య పక్కనుండగానే నరికి చంపారు. ఆ కేసులో మొదటి నిందితుడు ఆమె కన్నతండ్రి. ఆ వార్త వింటూ పెరిగిన పిల్ల ఇంట్లో నోరు విప్పుతుందా? చెబితే ఫోన్ గుంజుకుంటారు, చదువు బంద్ పెట్టి సంబంధం చూస్తారు. కొట్టేవాడికి అదే ఆయుధం: ‘మీ నాయనకు చెప్పాల్నా?’

అందుకే ప్రేమ మీద కాపలా పెట్టేముందు రందిని కనిపెట్టాలంటాను. కుంగుబాటును కనిపెట్టే మన ప్రశ్నావళులేమో పుస్తకాల తెలుగులో నిస్పృహ, నిరాసక్తత అని అడుగుతాయి. మన నిడమనూరు పిల్ల అవేవీ లేవంటుంది. ఆమెకున్నది ‘దేనిమీదా మనసు పడ్తలేదు’, ‘ఉత్తగనే ఏడుపొస్తది’, ‘పానమంతా గుంజినట్టుంది’. 2022 నుంచి టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య ఫోన్ సేవ ఉంది, 14416. ఆ నంబరు నొక్కిన పిల్ల కూడా ఇలాంటి మాటతోనే మొదలుపెట్టాలి, అవతలివాళ్లకు అది అర్థం కావాలి.

ఇప్పుడు నేను ఈ మాటలే పోగుచేస్తున్నాను. బస్టాండులో, హాస్టళ్లలో, సాగర్ కాలువ గట్టున బట్టలుతికే అమ్మల దగ్గర. ఎవరన్నారో రాయను, ఏ పూట, ఏ పని చేస్తూ అన్నారో రాస్తాను. మీ ఇళ్లలో ఇలాంటి మాటలు విని ఉంటారు. వాకిలి దగ్గర బల్ల మీద నోటుబుక్కు పెట్టాను, పెన్ను దారంతో కట్టి ఉంది.