నిమ్మ, బత్తాయి తోటలకు వేరుమొక్క ఎంపిక



అంటుమొక్కలు కొనబోయిన రైతు "ఇది ఏ రకము?" అని అడుగును. "దీనిని దేనిమీద కట్టినారు?" అని కూడ అడుగవలెను. పై రకమును బట్టి కాయ వచ్చును. క్రింది వేరుమొక్కను బట్టి చెట్టు నీరు త్రాగును. వరి విత్తనమును మరుసటి ఏడు మార్చుకొనవచ్చును. నాటిన చెట్టుకు వేరు మార్చలేము. పొరపాటు తెలియుసరికి నాలుగైదు ఏండ్లు గడచిపోవును.

ఆకులు పగలంతయు నీటిని ఆవిరిగా విడుచుచుండును. ఆ లోటును వేళ్ళు ఎప్పటికప్పుడు తీర్చవలెను. తీర్చలేనపుడు ఆకులు తమ సన్నని రంధ్రములను మూసికొనును. పెరుగుదల ఆగును, పిందె రాలును. చలిదేశముల చెర్రీ తోటలలోను ఇదే సంగతి. అచ్చట మహలేబ్ అను వేరుమొక్క గులక నేలలో బెట్టకు తట్టుకొనును గాని, నీరు నిలిచిన బంకనేలలో చచ్చిపోవును.

ఇక మన నేలలు చూడండి. తాడేపల్లిగూడెం దగ్గర వెంకట్రామన్నగూడెం, ఏలూరుకు ఎగువన పెదవేగి మెట్ట ప్రాంతములు. ఎర్రనేలలు, బోరు నీరు. ఇట్టిచోట రంగపూర్ నిమ్మపై కట్టిన అంట్లు మేలు. అవి బెట్టను, నీటిలోని ఉప్పును కొంతవరకు ఓర్చును. జంబేరి వేళ్ళు లోతుగా ప్రాకి చెట్టును ఏపుగా పెంచును. అది లోతైన ఇసుక నేలలకు తగినది. బరువు నేలలో మొదలుకుళ్ళుకు లోనగును.

ఏలూరు దాటి కొల్లేరు వైపు దిగినచో నల్లనేలలు. వానకాలములో ఊట పైకి వచ్చును. నీరు నిండిన మట్టిలో వేరుకు గాలి ఆడదు. గాలి ఆడని వేరు నీటిని పీల్చలేదు. అందుచేత చెట్టు నీటిలో నిలిచి యుండియు దాహముతో వడలును. బెట్ట అనుకొని మరల నీరు పెట్టినచో తోట పోవును. రంగపూర్, జంబేరి రెండును ఈ స్థితికి ఓర్వవు. తడినేలకు ఓర్చు మూడాకుల నారింజ బెట్టకు, ఉప్పుకు తట్టుకొనలేదు.

కనుక మొక్క కొనకముందే భాద్రపద, ఆశ్వయుజ మాసములలో పొలములో మూడడుగుల గొయ్యి త్రవ్వి చూడండి. మరునాటికి ఊట నిలిచినచో ఆ చేనిలో నిమ్మ, బత్తాయి వలదు; గట్లమీద కొబ్బరి నయము. ప్రక్కన చేపల చెరువున్నచో, చెరువు నిండుగా ఉన్నపుడే ఈ పరీక్ష చేయండి.

గొయ్యి పొడిగా ఉన్నచో నాటవచ్చును. అంటు కట్టిన చోటు నేలకు అరడుగు పైననే ఉండవలెను. మొదలు చుట్టు మట్టి ఎగదోసి, దాని వెలుపల పాదు చేసి, మొదలుకు తగులకుండ నీరు పెట్టండి. మధ్యాహ్నము ఆకు ముడిచినంతమాత్రమున తొందరపడి నీరు పెట్టవద్దు. తెల్లవారినను ఆకు విప్పుకొననిచో, అడుగు లోతు మట్టి తీసి పిడికిట పట్టి చూడండి. పొడిగా ఉన్నచో నీరు పెట్టండి. తడిగా ఉన్నచో కాలువ తీయండి.

నేలను చూచి వేరును, వేరును చూచి అంటును ఎంచుకొనండి.