కంటికి కనబడని సరుకు
(ఉగాది ఉత్సవాల యువజన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



మన ఉగాది సభలలో భాషను గురించి, రామభజన సంప్రదాయాన్ని గురించి, పిల్లల చదువులను గురించి మాట్లాడే పెద్దలు ఎందరో ఉన్నారు. మమ్మల్ని మాత్రం వ్యాపారాన్ని గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యవర్గం వారు కోరారు. మేము మారిషస్ పడమటి తీరాన, ఫ్లిక్-ఆన్-ఫ్లాక్‌లో చిన్న స్కూబా డైవింగ్ దుకాణం నడుపుకొంటున్న కుటుంబం. మాకు తెలిసినది అదే కనుక దానినే మీ ముందు ఉంచుతున్నాము.

మన పూర్వులు పంతొమ్మిదవ శతాబ్దంలో కోరంగి, విశాఖ ప్రాంతాల నుండి ఓడలెక్కి ఈ దీవికి చెరకు తోటల పనికి వచ్చారు. వారికి సముద్రమంటే దాటి వచ్చిన దూరం, తిరిగి దాటలేని దూరం. ఈనాడు మన పిల్లలలో కొందరికి ఆ సముద్రమే అన్నం పెడుతున్నది. కొందరు పడవ నడుపుతున్నారు, కొందరు సిలిండర్లు నింపుతున్నారు, కొందరు శిక్షకులై విదేశీయులకు సముద్రం అడుగును చూపిస్తున్నారు. అందుచేత ఈ వ్యాపారంలోని మంచిచెడ్డలు మన ఇళ్ళలోని సంగతులే.

స్కూబా అంటే తెలియని పెద్దల కోసం ఒక మాట. వీపుకు గాలి సిలిండరు కట్టుకొని, నోటిలో రెగ్యులేటరు పెట్టుకొని, నీటి అడుగున ఊపిరి పీలుస్తూ తిరగడమే స్కూబా. 1943లో ఫ్రాన్సు దేశంలో కూస్తో, గాన్యాన్ అనే ఇద్దరు తయారుచేసిన పరికరంతో ఇది సామాన్యులకు అందుబాటులోకి వచ్చింది. మన దీవి చుట్టూ పగడపు గట్టు ఉన్నది. మా ఊరి ఎదుట కెథీడ్రల్ అనే గుహలోకి వెలుగు దిగే దృశ్యాన్ని చూడడానికి దేశదేశాల వారు వస్తారు. ఉత్తరాన ట్రూ-ఓ-బిష్ దగ్గర 1987లో స్టెల్లా మారు అనే జపాను చేపల ఓడను కావాలనే ముంచారు. ఇప్పుడది చేపలకు నివాసమై, మా వంటివారికి జీవనాధారమైనది.

ఇన్ని ఆకర్షణలు ఉన్నచోట దుకాణాలు కూడా పక్కపక్కనే వెలుస్తాయి. హోటళ్ళలో డైవింగ్ కేంద్రాలు ఉన్నాయి. ఇసుక మీద మా వంటి చిన్న దుకాణాలు ఉన్నాయి. ఒడ్డున తిరుగుతూ యాత్రికులను పట్టి తెచ్చి కమీషను తీసుకొనే మధ్యవర్తులు ఉన్నారు. ఇప్పుడు ఫోనులోనే నాలుగు దుకాణాల ధరలు పోల్చి చూసి వచ్చేవారే ఎక్కువ. పోటీ ఉండడం మంచిదే. పోటీ లేని అంగడిలో దుకాణదారునికి మర్యాద అక్కరలేదు. అయితే పోటీ ఎక్కడ ఉండాలి, ఎక్కడ ఉండరాదు అన్నదే నేడు మేము మనవి చేయదలచిన విషయం.

బియ్యం కొనేవాడు గింజను నలిపి చూస్తాడు. బట్ట కొనేవాడు అంచు పట్టి చూస్తాడు. మేము అమ్మే సరుకు గాలి. అది కంటికి కనబడదు. 12 లీటర్ల సిలిండరులో 200 బార్ల పీడనం వరకు నింపితే సుమారు 2,400 లీటర్ల గాలి పడుతుంది. నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషికి ఒడ్డున అది రెండు గంటలు వస్తుంది. 20 మీటర్ల లోతున పీడనం మూడింతలు కనుక అదే గాలి 40 నిమిషాలకే సరి. అందులో 50 బార్లు మిగుల్చుకొని పైకి రావాలి. అంటే చేతికి దక్కేది అరగంట.

ఆ గాలి శుభ్రమైనదా కాదా అని కొనేవాడు ఎలా తెలుసుకొంటాడు? గాలి నింపే కంప్రెసరు ఇంజను పొగగొట్టం పక్కనే గాలి లాగుకొంటే కార్బన్ మోనాక్సైడ్ సిలిండరులోకి చేరుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. ఒడ్డున తలనొప్పి తెప్పించేపాటి విషం కూడా లోతున పీడనం పెరిగేసరికి ప్రాణం మీదికి తెస్తుంది. ఫిల్టరు నడిచిన గంటలను లెక్కపెట్టి వేళకు మార్చాలి. రెగ్యులేటరును ఏటా విప్పి బాగు చేయించాలి. సిలిండరు లోపల తుప్పు ఉన్నదేమో చూడాలి, గడువు ప్రకారం నీటి పీడనంతో పరీక్ష చేయించాలి. ఇవన్నీ ఖర్చులే. ఒక్కటీ కొనేవాని కంటికి కనబడదు.

ఇప్పుడు ధరల పోరు ఏమి చేస్తుందో చూడండి. ఒక దుకాణం ధర తగ్గించింది. పక్కవాడు ఇంకా తగ్గించాడు. మూడోవాడు ఏమి తగ్గించగలడు? పడవకు పెట్రోలు తగ్గించలేడు. దుకాణం అద్దె తగ్గించలేడు. తగ్గించగలిగినవి మూడే. ఒకటి, ఫిల్టరు ఈ నెల మార్చవలసినది వచ్చే నెలకు వాయిదా. రెండు, పడవలో ఉండవలసిన సహాయకుడు. మూడు, శిక్షకుని వెంట దిగే మనుషుల సంఖ్య నలుగురి నుండి ఎనిమిదికి పెంపు. మొదటి డైవింగు కోర్సులో ఒక శిక్షకునికి ఎనిమిది మంది వరకు పాడీ సంస్థ నియమాలు ఒప్పుకొంటాయి. కాని ఎనిమిది అన్నది నీరు తేటగా, నిశ్చలంగా ఉన్న రోజుకు పై హద్దు. కెరటం లేచిన రోజున ఎనిమిదిమందిని ఒక్కడు కనిపెట్టుకొని ఉండలేడు. ఈ విధంగా చౌక అన్నది కొనేవానికి లాభంగా కనబడుతుంది. దానిని కట్టేది మాత్రం అతని ఊపిరే.

మా అనుభవంలోని ఒక సంగతి. ఒక యాత్రికుడు నాలుగు రోజులు మా వద్ద డైవింగు చేశాడు. ఐదవ రోజు ఉదయాన వచ్చి, ఈ రాత్రికే ప్లెజాన్స్ నుండి విమానం, ఆఖరుసారి ఒక్క డైవింగు చేయించండి అన్నాడు. లోతున పీల్చిన గాలిలోని నైట్రోజను ఒంట్లో కరిగి ఉంటుంది. అది నెమ్మదిగా బయటకు పోవాలి. వరుసగా డైవింగులు చేసినవారు కనీసం 18 గంటలు విమానం ఎక్కరాదని సలహా. ఆ మాటే చెప్పాము. బదులుగా గట్టు లోపలి నిలకడ నీటిలో, పైపైన ఈదుతూ చేపలు చూసే స్నోర్కెలింగుకు తీసుకొనిపోతామన్నాము. ఆయనకు నచ్చలేదు. మరొక దుకాణానికి వెళ్ళాడు. అక్కడ సరేనన్నారు.

ఆనాటి సొమ్ము మాకు పోయింది. అది పెద్ద విషయం కాదు. నియమం పాటించినవాడు నష్టపోయి, పాటించనివాడు బాగుపడితే ఆ తీరంలో నియమం ఎంతకాలం నిలుస్తుంది? మా పిల్లలే మమ్మల్ని అడిగారు, మనం మాత్రం ఎందుకు పట్టుబట్టాలి అని. వారికి మేము చెప్పిన జవాబే ఇక్కడా చెబుతున్నాము. గాలి శుభ్రత, మనుషుల సంఖ్య, విమానానికి ముందు విరామం, ఈ మూడింటిలో దుకాణాల మధ్య పోటీ ఉండరాదు. ఒక తీరంలోని దుకాణదారులందరూ ఈ మూడు ప్రశ్నలకూ ఒకే జవాబు చెబితే ఎవరి బేరమూ పోదు.

మరి పోటీ పడవలసింది ఎందులో? మర్యాదలో. అందులో ఎంత పోటీ పడినా ఎవరికీ ప్రమాదం లేదు.

ఓడ దాటేదాకా ఓడ మల్లన్న, దాటినాక బోడి మల్లన్న అని మన పెద్దల సామెత. ఈ వ్యాపారంలో అది రోజూ కనబడుతుంది. సొమ్ము చేతికి వచ్చేదాకా చిరునవ్వు, వచ్చాక తడిబట్టలతో నిలబడ్డ అతిథికి తువ్వాలు ఇచ్చేవాడు కూడా ఉండడు. మన అమ్మలు నడిపిన పల్లె బుటిక్‌లను తలచుకోండి. పంచదార, కిరసనాయిలు అన్ని బుటిక్‌లలోనూ ఒకటే. కాని కర్నేలో అరువు రాసుకొనేటప్పుడు ఇంట్లో పాప జ్వరం తగ్గిందా అని అడిగిన బుటిక్‌కే జనం వెళ్ళారు.

డైవింగ్ దుకాణంలో ఆ అడగడం ఎలా ఉంటుంది? మాస్కు అంటగట్టకుండా, ముఖానికి ఆనించి ముక్కుతో గాలి లాగమని, పట్టీ లేకుండానే నిలిస్తే అదే సరిపోయినదని చూపించడం. ఫ్రాన్సు వారు సిమాస్ కార్డుతో, ఇతరులు పాడీ కార్డుతో వస్తారు. రెండు పద్ధతులూ తెలిసి, ఎవరినీ చిన్నబుచ్చకుండా ఉండడం. భయపడేవానిని నలుగురిలో తొందరపెట్టక, నేడు వద్దు, రేపు చూద్దామని చెప్పి సొమ్ము వాపసు ఇవ్వడం. ఆస్తమా ఉన్నదా, గుండెజబ్బు ఉన్నదా అని కాగితం మీద సంతకంతో సరిపెట్టక నోటితో అడగడం.

హైదరాబాదు నుండి, విశాఖ నుండి కొత్త దంపతులు కూడా మన దీవికి వస్తున్నారు. వారిలో ఈత రానివారు చాలామంది. వారికి ఆంగ్లంలో పది నిమిషాలు చెప్పినదానికన్నా, “ఊపిరి బిగబట్టకండి అమ్మా, చెవి నొప్పి పుట్టకముందే ముక్కు మూసి మెల్లగా ఊదండి” అని తెలుగులో చెప్పిన ఒక్క మాట ఎక్కువ ధైర్యమిస్తుంది. ఊపిరి బిగబట్టరాదన్నది ఈ విద్యకు మొదటి సూత్రం. దానిని మాతృభాషలో చెప్పగలగడం మన పిల్లలకు ఉన్న గొప్ప ఆస్తి. తెలుగు నేర్చుకొంటే ఏమి లాభమని అడిగే యువకులకు ఇదొక జవాబు.

పోటీదారులు శత్రువులు కారన్నది కూడా చెప్పవలసి ఉన్నది. 2020 మార్చిలో మహమ్మారి వల్ల దేశం తలుపులు మూసినప్పుడు పెద్ద దుకాణం, చిన్న దుకాణం అని తేడా లేకుండా అందరి పడవలూ ఒడ్డునే ఉన్నాయి. టీకా వేసుకొన్న యాత్రికులకు తలుపులు పూర్తిగా తెరిచినది 2021 అక్టోబరు 1న. ఈ మధ్యలోనే, 2020 జూలై 25న, పోయింట్ దెస్నీ దగ్గర వకాషియో ఓడ గట్టుకు తగిలి, ఆగస్టులో నూనె కారింది. ఆనాడు జనం చెరకాకును సంచులలో కుక్కి, కుట్టి, నూనెకు అడ్డుకట్టలుగా వేశారు. తాతలు కోసిన చెరకు మనుమల సముద్రాన్ని కాపాడడానికి వచ్చింది. ఆ అడ్డుకట్టలు కుట్టినప్పుడు ఎవరూ, నీది ఏ దుకాణమని అడగలేదు.

సముద్రం అందరిదీ ఒకటే. పగడాల మీద లంగరు వేసి విరగ్గొట్టినవాడు తన అంగడినీ విరగ్గొట్టుకొంటున్నాడు. కట్టిన తేలుబంతులకే పడవలు కట్టాలి. పక్క దుకాణం వారికి ఆక్సిజన్ అవసరమైతే మన పెట్టె ఇవ్వాలి. వారి కంప్రెసరు చెడితే మన దగ్గర నింపి ఇవ్వాలి. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చిందన్నట్టు, చిన్న దుకాణాలు కొట్టుకొంటే ఆ లాభం మధ్యవర్తికే పోతుంది.

చివరగా, ఈ సభలోని తల్లిదండ్రులకు ఒక విన్నపం. మీ పిల్లలను గాని, ఊరి నుండి వచ్చిన చుట్టాలను గాని డైవింగుకు పంపేముందు ధర అడగండి, తప్పులేదు. దానితోపాటు ఈ ఐదు ప్రశ్నలు అడగండి. సిలిండరుకు పరీక్ష ఎప్పుడు జరిగింది? ఫిల్టరు ఎప్పుడు మార్చారు? ఒక శిక్షకుని వెంట ఎందరు దిగుతారు? పడవలో ఆక్సిజన్ ఉన్నదా? ప్రమాదం జరిగితే రీకంప్రెషన్ చాంబరుకు ఎలా చేరుస్తారు? మంచి దుకాణదారుడు ఈ ప్రశ్నలకు సంతోషిస్తాడు, పుస్తకం తెరిచి చూపిస్తాడు. విసుక్కొన్నవాని దగ్గర నుండి నమస్కారం పెట్టి వచ్చేయండి. కొనేవారు అడగడం నేర్చుకొంటేనే కనబడని సరుకుకు కూడా విలువ కట్టేవారు ఉంటారు, దానిని శుభ్రంగా ఉంచేవారు నిలబడతారు.

ఈ వృత్తిలోకి వచ్చే తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు మా మాట ఒక్కటే. ధర తగ్గించి గెలిచినవానిని రేపు ఇంకొకడు తగ్గించి ఓడిస్తాడు. నమ్మకంతో గెలిచినవానిని అంత సులభంగా ఓడించలేరు.