గెలవని పార్టీకి వేసిన ఓటు: క్యుబెక్ ఎన్నికలపై ఒక పరిశీలన

(అధ్యయన గోష్ఠిలో చేసిన ప్రసంగ పాఠం)

 

గత సమావేశం ముగిసే వేళ ఒక సోదరి మమ్మల్ని ఒక ప్రశ్న అడిగారు. “మన హక్కుల పక్షాన నోరు విప్పే పార్టీ గెలవదు. గెలిచే పార్టీ మన ఊసెత్తదు. మరి మా ఓటు ఎవరికి?” మగ్రిబ్ వేళ అయినదని చెప్పి జవాబును వాయిదా వేశాము. నిజానికి మా వద్ద జవాబు సిద్ధంగా లేదు. నేడు ఆ ప్రశ్నను కెనడాలోని క్యుబెక్ రాష్ట్రం మీదుగా చర్చించదలచుకున్నాము. అక్కడి ముస్లింలు ఇదే ప్రశ్నను ఎన్నో ఏళ్లుగా ఎదుర్కొంటున్నారు. మన బంధువులలో కెనడా వెళ్లినవారు ఎక్కువగా ఒంటారియోలో స్థిరపడ్డారు గనుక క్యుబెక్ సంగతులు మన ఇళ్లలో అంతగా వినబడవు.

2022 అక్టోబరు 3న అక్కడ శాసనసభ ఎన్నికలు జరిగాయి. వారి రాత్రి ఎనిమిది గంటలకు పోలింగ్ ముగిసేసరికి మనకు మరునాడు ఉదయం అయిదున్నర. ఫజర్ నమాజు ముగించుకొని మేము నలుగురం ఫలితాలు చూద్దామని కూర్చున్నాము. చాయ్ చల్లారక ముందే పాలక పక్షం మళ్లీ గెలిచిందని వార్తాసంస్థలు తేల్చివేశాయి. చూడడానికి ఇంకేమీ లేదని ఒక మిత్రుడు లేచిపోయారు. ఆయన తొందరపడ్డారని మా అభిప్రాయం. ఎందుకంటే అసలు కథ గెలిచిన పార్టీ వద్ద లేదు.

సభలో మొత్తం 125 స్థానాలు. ఫ్రాంస్వా లెగో నాయకత్వంలోని క్యుబెక్ భవిష్యత్ కూటమికి దాదాపు 41 శాతం ఓట్లు, 90 స్థానాలు లభించాయి. మిగిలిన నాలుగు పార్టీలు ఓట్లలో ఒకదానికొకటి అతి సమీపంలో నిలిచాయి. వామపక్షమైన క్యుబెక్ సోలిడేర్‌కు 15.4 శాతం, స్వాతంత్ర్యవాదులైన పార్టీ క్యుబెక్వాకు 14.6 శాతం, లిబరల్ పార్టీకి 14.4 శాతం, కన్సర్వేటివ్ పార్టీకి 12.9 శాతం. ఇక స్థానాలు చూడండి: సోలిడేర్‌కు 11, క్యుబెక్వాకు 3, లిబరల్ పార్టీకి 21, కన్సర్వేటివ్‌లకు సున్న. ఈ నాలుగింటిలో ఓట్లలో మూడవదిగా నిలిచిన లిబరల్ పార్టీ ప్రధాన ప్రతిపక్షమైంది. అయిదు లక్షల ముప్పై వేలకు పైగా ఓట్లు పొందిన కన్సర్వేటివ్‌లకు సభలో ఒక్క కుర్చీ కూడా లేదు.

ఈ లెక్క మనకు కొత్తది కాదు. నియోజకవర్గంలో అందరికంటే ఒక ఓటు ఎక్కువ వచ్చినవారే విజేత అనే పద్ధతిని మనమూ వారూ ఒకే చోటి నుండి, అనగా బ్రిటన్ నుండి, తెచ్చుకున్నాము. 2023 తెలంగాణ ఎన్నికలలో భాజపాకు దాదాపు 14 శాతం ఓట్లకు 8 స్థానాలు వస్తే, మజ్లిస్‌కు 2.2 శాతం ఓట్లకే 7 స్థానాలు వచ్చాయి. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో వైకాపాకు 39 శాతం ఓట్లు లభించినా 175 స్థానాలలో దక్కినవి 11. ఓట్లు ఒక చోట గుమిగూడి ఉన్నాయా, రాష్ట్రమంతటా పలచగా పరచుకొని ఉన్నాయా అన్నదే ఈ పద్ధతిలో కీలకం. క్యుబెక్ లిబరల్ పార్టీ ఓట్లు మాంట్రియల్ నగర ప్రాంతంలో గుమిగూడి ఉన్నందున అది బతికి బయటపడింది.

2021 జనాభా లెక్కల ప్రకారం క్యుబెక్‌లో ముస్లింలు సుమారు 4 లక్షల 20 వేలు, అంటే జనాభాలో 5 శాతం. వీరిలో అత్యధికులు మాంట్రియల్, దాని పరిసరాలలోనే నివసిస్తున్నారు. మాంట్రియల్ ద్వీపంలో 27 స్థానాలు ఉంటే 2018లోను, 2022లోను లెగో పార్టీ గెలుచుకున్నవి రెండేసి మాత్రమే. అనగా ముస్లింలు నివసించే నగరంలో దాదాపు ఉనికి లేని పార్టీ, ఆ నగరం ఓట్ల అవసరం లేకుండానే రాష్ట్రాన్ని పాలిస్తున్నది. ఈ విషయం మనసులో ఉంచుకొంటే తరువాత జరిగినది సులభంగా అర్థమవుతుంది.

2018లో ఆ పార్టీ తొలిసారి అధికారానికి వచ్చినప్పుడు దాని ఓట్లు 37 శాతం, స్థానాలు 74. మరుసటి సంవత్సరం జూన్ 16న, చర్చకు గడువు విధించి, 73–35 ఓట్ల తేడాతో 21వ నంబరు బిల్లును చట్టం చేసింది. ప్రభుత్వ పాఠశాలల ఉపాధ్యాయులు, ప్రధానోపాధ్యాయులు, పోలీసులు, ప్రభుత్వ న్యాయవాదులు విధి నిర్వహణలో మతచిహ్నాలు ధరించరాదని ఆ చట్టం చెబుతుంది. హిజాబ్, సిక్కుల తలపాగా, యూదుల కిప్పా, సిలువ, అన్నీ ఆ మాటలోకి వస్తాయి. అప్పటికే ఉద్యోగంలో ఉన్నవారికి మినహాయింపు ఇచ్చారు. అయితే అది అదే హోదాలో ఉన్నంతవరకే. హిజాబ్ ధరించే టీచర్ జీవితాంతం టీచర్‌గానే ఉండవచ్చు, ప్రధానోపాధ్యాయురాలు కావాలంటే హిజాబ్ తీయాలి. 1936 నుండి శాసనసభలో సభాపతి పీఠం పైన వేలాడుతున్న శిలువను కూడా ఆ జూలైలో తొలగించారు. ఆ మాట చెప్పకపోతే న్యాయం కాదు. 1960ల వరకు క్యుబెక్ బడులను, ఆసుపత్రులను కాథలిక్ చర్చి నడిపింది. ఆ ఆధిపత్యం నుండి బయటపడిన జ్ఞాపకం అక్కడి ప్రజలలో ఇంకా సజీవంగా ఉన్నది. ఈ చట్టానికి జనామోదం లభించడానికి కేవలం ద్వేషమే కారణమని మేము అనము. కానీ 2017 జనవరి 29న క్యుబెక్ నగర మసీదులో ఇషా నమాజు ముగిసిన వేళ ఆరుగురిని కాల్చి చంపిన రెండేళ్లకే ఈ చట్టం వచ్చిందన్నదీ మరువలేము.

ఇక ముస్లిం ఓటరు ముందున్న దారులు ఏమిటి? అలవాటైన దారి లిబరల్ పార్టీ. ఆ పార్టీ 21వ బిల్లును వ్యతిరేకించింది. కాని 2017 అక్టోబరులో, ఇంకా అధికారంలో ఉండగా, ప్రభుత్వ సేవలు ఇచ్చేవారూ పొందేవారూ ముఖం కప్పుకోరాదని 62వ బిల్లును ఆమోదించినదీ ఆ పార్టీయే. ఇది చాలదని లెగో పార్టీ, పార్టీ క్యుబెక్వా దానిని వ్యతిరేకించాయి! మసీదు దారుణం జరిగిన సంవత్సరమే అది. పార్టీ క్యుబెక్వా 2013లో తెచ్చిన ‘విలువల చార్టర్’కు భయపడి 2014లో ముస్లింలు లిబరల్ పార్టీ వైపు నిలిచారు. మూడేళ్లకు వారికి దక్కినది ఇది. ఎక్కడికీ పోలేని ఓటరుకు ఎవరూ ఏమీ చెల్లించరు. ఇది మన ఊళ్లలోనూ చూస్తున్నదే, వివరించనక్కరలేదు.

రెండవ దారి క్యుబెక్ సోలిడేర్. మేము ఎక్కువగా పరిశీలించినది దీనినే. 2006 ఫిబ్రవరిలో రెండు చిన్న బృందాలు కలిసి ఈ పార్టీగా ఏర్పడ్డాయి. 2008లో ఒకే ఒక్క స్థానం గెలిచింది, మాంట్రియల్‌లోని మెర్సియే. గెలిచినది టెహ్రాన్‌లో జన్మించిన వైద్యుడు అమీర్ ఖదీర్. 2012లో రెండు, 2014లో మూడు, 2018లో పది. అదే మెర్సియే నుండి 2018లో గెలిచిన రూబా గజాల్ బీరూట్‌లో పాలస్తీనా కుటుంబంలో పుట్టినవారు. ఆ ఎన్నికలోనే హిజాబ్ ధరించే ఒక మహిళను కూడా ఈ పార్టీ అభ్యర్థిగా నిలిపింది. ఆమె ఓడిపోయారు.

అయితే ఈ పార్టీ మొదటి నుండి మనకు నచ్చే మాటే చెప్పలేదు. ఉపాధ్యాయులపై నిషేధం వద్దు గాని, న్యాయమూర్తులు, పోలీసులు వంటి శిక్షాధికారం గలవారికి మతచిహ్నాలు తగవు అన్నది దాని పాత వైఖరి. బుషార్–టేలర్ కమిషన్ 2008లో సూచించిన మధ్యేమార్గం అది. ఓట్ల దృష్ట్యా చూస్తే చాలా సురక్షితమైన స్థలం. 2019 మార్చి చివర, లెగో ప్రభుత్వం బిల్లు ప్రవేశపెట్టిన రెండు రోజులకు, పార్టీ జాతీయ మండలి సమావేశంలో ప్రతినిధులు దీనిపై చర్చించి ఓటు వేశారు. మధ్యేమార్గాన్ని విడిచి, ఎవరిపైనా నిషేధం వద్దన్న వైఖరిని స్వీకరించారు. రాష్ట్రంలో అధిక సంఖ్యాకులు చట్టాన్ని సమర్థిస్తున్న వేళ పది స్థానాల పార్టీ తీసుకున్న నిర్ణయమది. దాని వలన చట్టం ఆగలేదు. కాని 2022లో ఆ పార్టీ ఒక స్థానం పెంచుకొన్నది గాని పోగొట్టుకోలేదు.

మమ్మల్ని ఆలోచింపజేసినది ఆ ఓటు జరిగిన స్థలం. ఎన్నికల రోజున పెట్టె ముందు నిలబడి ఏ ముస్లిం ఓటరూ ఆ వైఖరిని మార్చలేరు. ప్రతినిధులు కొన్ని వందల మందే ఉండే గదిలో, సభ్యత్వం తీసుకొని, విసుగు పుట్టించే సమావేశాలకు నెలల తరబడి హాజరైనవారి చేతులు అక్కడ లేచాయి. మనలో ఎంతమందిమి ఏదో ఒక పార్టీ తీర్మానాల కమిటీలో కూర్చున్నాము? టిక్కెట్టు అడిగినవారి సంగతి వేరు. తీర్మానం చదివి సవరణ కోరినవారెందరు?

మూడవ దారి సొంత పార్టీ. 2022లో ప్రభుత్వ భాషా విధానంపై, 21వ చట్టంపై అసంతృప్తితో మాంట్రియల్‌లో రెండు కొత్త పార్టీలు పుట్టాయి, బ్లాక్ మాంట్రియల్, కెనడియన్ పార్టీ ఆఫ్ క్యుబెక్. రెండింటిలో దేనికీ ఒక్క శాతం ఓట్లు రాలేదు. సొంత పార్టీ అనే ఆలోచనే తప్పని మేము అనడం లేదు. హైదరాబాదు పాతబస్తీ వంటి చిక్కని బలం, దశాబ్దాల సంస్థాగత నిర్మాణం లేని చోట ఎన్నికలకు కొద్ది నెలల ముందు పార్టీ పెట్టడం వ్యర్థమని మాత్రం అంటున్నాము.

చిన్న పార్టీకి వేసిన ఓటు మురిగిపోతుందా అన్నదానికి క్యుబెక్‌లో ఇంకొక సమాధానం ఉన్నది. అక్కడ 1977 నుండి కంపెనీలూ కార్మిక సంఘాలూ పార్టీలకు విరాళాలు ఇవ్వరాదు. 2022 ఎన్నికల నాటికి వ్యక్తి ఇవ్వగలిగినది ఏడాదికి 100 డాలర్లు, సాధారణ ఎన్నికల సంవత్సరంలో మరో 100. మిగిలిన ఖర్చుకు ప్రభుత్వమే పార్టీలకు వచ్చిన ఓట్ల నిష్పత్తిలో నిధులు ఇస్తుంది. ఓడిన ఓటు కూడా తన పార్టీ ఖాతాలో కొంత సొమ్ము వేస్తుందన్నమాట. మన దేశంలో అటువంటి ఏర్పాటు లేదు. పెద్ద వ్యాపారి చెక్కు ముందు చిన్న పార్టీ ఎలా నిలుస్తుందో మనకు తెలిసినదే.

మూడు స్థానాలతో ఏమి చేయవచ్చో పార్టీ క్యుబెక్వా చూపింది. మన హక్కుల విషయంలో అది మన ప్రత్యర్థి, అయినా ఈ ఉదంతం చెప్పుకోదగినది. రాజుకు విధేయత ప్రకటించే ప్రమాణం చేయబోమని దాని ముగ్గురు సభ్యులు 2022లో పట్టుబట్టారు. డిసెంబరు 1న వారిని సభ తలుపు వద్దనే నిలిపివేశారు. ఆ నెలలోనే ఆ ప్రమాణాన్ని ఐచ్ఛికం చేస్తూ సభ చట్టం చేసింది.

ఇంతవరకు వింటే, దామాషా ప్రాతినిధ్యం వస్తే అన్నీ చక్కబడతాయని మీకు అనిపించవచ్చు. మొదట మాకూ అనిపించింది. లెగో కూడా 2018 మే నెలలో ఇతర పార్టీలతో కలిసి ఎన్నికల సంస్కరణ ఒప్పందంపై సంతకం చేశారు. 2019 సెప్టెంబరులో బిల్లు తెచ్చారు, 2021 డిసెంబరులో పక్కన పెట్టారు. 37 శాతం ఓట్లకు 74 స్థానాలు ఇచ్చిన పద్ధతిని ఎవరు మాత్రం వదులుకొంటారు! కాని లెక్క మళ్లీ వేసి చూశాము. 2018లో బిల్లును సమర్థించిన రెండు పార్టీల ఓట్లు కలిపితే 54 శాతం. ఓట్ల ప్రకారమే స్థానాలు పంచినా ఆ చట్టం నెగ్గి ఉండేది. లెక్కింపు పద్ధతి మారితే అల్పసంఖ్యాకులకు గొంతు పెరుగుతుంది, రక్షణ మాత్రం దానంతట అది రాదు. ఈ ముగింపు మాకు నచ్చలేదు, అయినా మీ ముందు దాచడం ధర్మం కాదు.

రక్షణ ఇవ్వవలసినది రాజ్యాంగం. కెనడా హక్కుల పత్రంలోని 33వ సెక్షన్ ప్రకారం శాసనసభ కోరుకొంటే మత స్వేచ్ఛ, సమానత్వం వంటి హక్కులను తోసిపుచ్చి చట్టం చేయవచ్చు. ఆ వెసులుబాటు అయిదేళ్లు ఉంటుంది, తిరిగి పొడిగించుకోవచ్చు. 21వ చట్టానికి ఆ కవచం తొడిగారు, 2024లో పొడిగించారు. అదే సంవత్సరం ఫిబ్రవరి 29న అప్పీలు కోర్టు చట్టాన్ని సమర్థించింది. 2025 జనవరిలో కెనడా సుప్రీంకోర్టు విచారణకు స్వీకరించింది. ఆ మార్చిలో ఈ నిషేధాన్ని పాఠశాలల ఇతర సిబ్బందికీ విస్తరించే బిల్లును ప్రభుత్వం ప్రవేశపెట్టింది. మన వద్ద అటువంటి సెక్షన్ లేదు. అయినా కర్ణాటక బాలికల హిజాబ్ వ్యాజ్యంలో 2022 అక్టోబరు 13న, క్యుబెక్ పోలింగ్ జరిగిన పదవ రోజున, మన సుప్రీంకోర్టు ధర్మాసనం రెండుగా చీలిపోయింది. ఆ బాలికలలో ఈపాటికి చదువు పూర్తయినవారు ఉంటారు, మానుకొన్నవారూ ఉంటారు.

2021 డిసెంబరులో క్యుబెక్‌లోని చెల్సీ అనే చిన్న ఊరిలో మూడవ తరగతి టీచర్‌ను హిజాబ్ కారణంగా తరగతి నుండి తప్పించారు. ఆ ఊరి ముస్లిమేతర పిల్లలూ తల్లిదండ్రులూ బడి కంచెకు ఆకుపచ్చ రిబ్బన్లు కట్టి నిరసన తెలిపారు. చట్టం మారలేదు. ఆమె తరగతికి తిరిగి రాలేదు.

సోదరి అడిగిన ప్రశ్నకు మా వద్ద ఉన్నది ఇంతే. గెలిచే అవకాశం లేని పార్టీలో ముందుగా సభ్యులై, దాని మాటను మార్చి, తరువాత ఓటు వేయండి అంటాము. అందుకు నాలుగేళ్లు పడుతుంది, నాలుగు వారాలలో అయ్యే పని కాదు. క్యుబెక్‌లో తదుపరి ఎన్నిక 2026 అక్టోబరు 5న జరగవలసి ఉన్నది. మనకు అది అక్టోబరు 6 ఉదయం. ఫజర్ తరువాత వచ్చేవారికి చాయ్ మా వంతు, ఈసారి మాత్రం చివరి స్థానం ఫలితం వచ్చేవరకు కూర్చోవాలి.

ఇక మీ ప్రశ్నలు. వెనుక వరుసలో ఆ సోదరియే మళ్లీ చేయి ఎత్తారు. అడగండి, ఆపా.