గజ్జె కట్టినోల్లే కాదు, గుంజ పాతినోల్లూ కళాకారులే

(యువ కళాకారులు, కార్యకర్తల శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)

ఆట, పాట, మాట - ఈ మూడింటి మీదనే తెలంగాణ ఉద్యమం నడిచిందని అందరూ అంటరు. నిజమే. కానీ ఆ మూడూ గాలిలో నిలబడలేదు. నాలుగు గుంజల మీద నిలబడ్డయి. ఆ గుంజలు పాతినోల్ల గురించి కూడ ఇయ్యాల మాట్లాడుకుందాం.

మనకు వేదిక కొత్త కాదు. సాయుధ పోరాట కాలంలో సుద్దాల హనుమంతు గొల్లసుద్దులు కట్టి జనాన్ని కదిలించిండు. చుక్క సత్తయ్య, మిద్దె రాములు ఒగ్గుకథ చెప్తుంటే జనం తెల్లారేదాక లేవకపోయేది. పాట అంటే పాలకులకు, వాళ్ల తాబేదార్లకు ఎప్పుడూ భయమే. భువనగిరి పాటల చెల్లె బెల్లి లలితను 1999లో ఎంత ఘోరంగ చంపిండ్రో మనందరికీ తెలుసు. అయినా పాట ఆగలేదు. 2002లో కామారెడ్డిలో రసమయి బాలకిషన్ తోని, ఇంకా ఎందరో కళాకారులతోని ధూంధాం మొదలయింది. అక్కడి నుంచి ఊరూరికీ పాకింది. 2011లో 42 రోజుల సకల జనుల సమ్మెల రోడ్లే వేదికలయినయి.

వేదిక మీద గంటసేపు ఆడాలంటే ఏం కావాలె? మొదలు దమ్ము కావాలె. ఎగురుకుంట పాడుడంటే మాటలు కాదు. ముందటి గాయకుడు ఎత్తుకుంటడు, కోరస్ అందుకుంటది. కోరస్ పాడే ఆ కాసేపట్లనే ముందటోడు ఊపిరి తీసుకోవాలె. కోరస్ ఒక్క క్షణం ఆలస్యం చేసిందంటే ఆయన గొంతు తెగుతది. అందుకే కోరస్‌ల నిలబడ్డోన్ని చిన్న కళాకారుడనుకోకుండ్రి. ఆయన ఇచ్చిన ఊపిరితోనే ఈయన పాట నడుస్తది.

గొంతు కాపాడుకోవాలె. వరుసగ నాలుగు రాత్రులు పాడితే బొంగురు పోతది. గోరువెచ్చని నీళ్లు తాగుండ్రి. మైకు ఉండంగ అరవకుండ్రి. గొంతు నొస్తున్నప్పుడు మాట్లాడకుండ ఉండుడే పెద్ద మందు.

ఇగ డప్పు. మంచు పడితే తోలు మెత్తబడ్తది, మోత పోతది. గడ్డి మంట మీద కాపితేనే మళ్ల గణగణ మంటది. సలికాలం రాత్రి ఒక్కసారి కాపితే సరిపోదు, మళ్ల మళ్ల కాపాలె. ఎక్కువ కాపితే తోలు పిగులుతది. ఎంత కాపాలెనో చేతికి తెలవాలె. ఆ మంట కాడ కూసున్న మనిషి జనానికి కనవడడు. కానీ వాళ్లు ఎగిరిన దరువంతా ఆయన చేతుల్ల నుంచి వచ్చిందే.

అన్నిటికంటె ముఖ్యం, ఊరిని తెలుసుకునుడు. పోయిన ఊర్లె చెరువు పేరేంది, ఏ కాలువ ఎండింది, ఎవరు దుబాయి పోయిండ్రు, ఎవరు బొంబాయి పోయిండ్రు - పొద్దుగాలనే అడిగి తెలుసుకోవాలె. పాటల నడుమ మాట ఆ ఊరిదై ఉండాలె. ఆ ఊరి ఒగ్గు కళాకారుడో, బతుకమ్మ పాటల అవ్వనో ముందుగాల వేదిక ఎక్కాలె. అప్పుడే ఆ వేదిక ఊరోల్లదయితది, మనం చుట్టాలమయితం.

మరి వేదిక ఎన్క ఏం జరుగుతది? పోస్టర్లకు మైదా ఉడకవెట్టేటోడు ఒకడు. పోలీస్ టేషన్ చుట్టూ మైకు పర్మిషన్ కోసం తిరిగేటోడు ఒకడు. రెండు ట్రాక్టర్ ట్రాలీలు ఆనిచ్చి స్టేజీ చేసేటోల్లు నలుగురు. కరెంటు పోతే జనరేటర్ కాడ నిద్ర లేకుండ కూసునేటోడు ఒకడు. ఇల్లిల్లూ తిరిగి బియ్యం, పప్పు జమచేసి వండిపెట్టే అమ్మలు పదిమంది. వీళ్లకు కూలి లేదు, చప్పట్లు లేవు. చానమంది పాట కూడ సక్కగ ఇనలేదు, పనిల ఉన్నరు కాబట్టి.

ఒక ఊర్లె పర్మిషన్ లేదని మైకు సెట్టు గుంజుకపోయిండ్రు. మేం ఆగమైనం. ఆ ఊరి పిల్లగాండ్లే జనాన్ని దగ్గరికి జరిపి, గుండ్రంగ కూసోబెట్టి, నడుమ జాగ చేసిండ్రు. కందిళ్లు, టార్చిలైట్లు తెచ్చిండ్రు. మైకు లేకుండనే రెండు గంటలు పాడినం. ఆ రాత్రి సభను నిలబెట్టింది మా గొంతులు కాదు, ఆ పిల్లగాండ్ల సోయి.

ఇప్పుడు కార్యకర్తలకు మూడు మాటలు. ఒకటి, ఆడబిడ్డలు పాడితేనే ధూంధాం నిండుతది. వాళ్లకు బట్టలు మార్చుకోను వేదిక పక్కన ఒక ఇల్లు, మరుగుదొడ్డి, సభ అయిపోయినంక ఇంటిదాక దింపొచ్చే నమ్మకమైన మనుషులు - ఈ మూడూ చూసుకున్నంకనే పిలువుండ్రి. రెండు, చందా లెక్క తెల్లారే ఊరి నడుమ చదివి వినిపియ్యుండ్రి. పది రూపాయలిచ్చిన ముసలవ్వ కూడ తన పైసలు ఏడ పోయినయో ఇనాలె. మూడు, నాయకుల ఉపన్యాసాలకు టైము కట్టుండ్రి. కళాకారులను అర్ధరాత్రి దాక కూసోబెట్టి, జనం లేచిపోయినంక పాడుమనుడు అవమానం.

2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. తెలంగాణ సాంస్కృతిక సారథిల కొన్ని వందల మంది కళాకారులకు కొలువులు వచ్చినయి. అది దయ కాదు, వాళ్ల చెమటకు దక్కిన హక్కు. కొలువు చేసెటోల్లను మేం తప్పు పట్టం, కడుపు అందరికీ ఉన్నది. కానీ సర్కారు పథకం గురించి పాడే పాట, జనం గోస పాడే పాట ఒక్కటి కావు. ఈ తేడా మరిచిపోతే మన గజ్జెలు మనకే సంకెళ్లయితయి.

ఇయ్యాల ఒక్క ఫోన్ కొడితే స్టేజీ, లైట్లు, కుర్చీలు అన్నీ వస్తయి. పైసలు కడితే సాలు. కానీ స్టేజీకి పైసలు కట్టినోడు మైకు కూడ నాదే అంటడు. ఏం పాడాలెనో, ఏం పాడొద్దో ఆయనే చెప్తడు. పది రూపాయల చందాలతోని, పిడికెడు బియ్యంతోని కట్టిన వేదిక మీద మాత్రం ఎవన్నైనా నిలదీసి పాడొచ్చు. మన పాటకు అంత దమ్ము ఎక్కడి నుంచి వచ్చిందంటే అక్కడి నుంచే. కార్యకర్త లేని నాడు కళాకారుడు కిరాయి మనిషి అయితడు.

2023 ఆగస్టుల గద్దరన్న పోయిండు. 2025 నవంబర్ల అందెశ్రీ పోయిండు. ఆయన రాసిన 'జయ జయహే తెలంగాణ' 2024లో రాష్ట్ర గీతమయింది. పెద్దలు పోతే పేపర్లు రాస్తయి, రాయాలె కూడ. మరి జనరేటర్ కాడ కూసున్నోడు పోతే ఎవరు రాస్తరు? అందుకే ఇక్కడి నుంచి పోయినంక ఒక్కొక్కరు ఒక నోటుబుక్కు కొనుండ్రి. మీ ఊర్లె గుంజ పాతినోల్లు, వంట చేసినోల్లు, డప్పు కాపినోల్లు ఎవరో అడిగి రాసుకోండ్రి. వచ్చే సభల పాటకంటె ముందుగాల ఆ పేర్లు చదువుండ్రి. వాళ్లను వేదిక మీదికి పిలిచి మైకు చేతికియ్యుండ్రి.

జై తెలంగాణ!